దోమకో అణా

1897 ఆగస్టు 16, సోమవారం. సికింద్రాబాద్ దండు పక్కన, బేగంపేటలో చిన్న మిలిటరీ దవాఖాన. మధ్యాహ్నపు ఉక్క. ఒక మంచానికి దోమతెర కట్టారు. దోమలు లోపలికి రాకూడదని కాదు, లోపల వదిలినవి బయటికి పోకూడదని. తెర కింద ఒంటి మీది బట్టలు తీసేసి హుసేన్ ఖాన్ అనే రోగి పడుకున్నాడు. అతని నెత్తుట్లో మలేరియా సూక్ష్మజీవి ఉంది. అందులోనూ నెలవంక ఆకారంలో ఉండే రకం. ఆ నెలవంకల కోసమే డాక్టరు ఇన్నాళ్లూ కాచుకుని కూచున్నాడు.

సీసా మూత తీశారు. గోధుమ రంగు ఒళ్లు, రెక్కల మీద మచ్చలు ఉన్న దోమలు ఒక్కొక్కటే తెరలోకి వచ్చాయి. రోగితో డాక్టరు ముందే బేరం కుదుర్చుకున్నాడు. కడుపు నిండా నెత్తురు తాగిన ఒక్కో దోమకు ఒక్కో అణా. హుసేన్ ఖాన్ కదలకుండా పడుకున్నాడు. అవి వాలాయి, కుట్టాయి, పొట్టలు ఎర్రగా ఉబ్బేదాకా తాగాయి. తెర ఎత్తి, వాటిని జాగ్రత్తగా గాజు గొట్టాల్లోకి పట్టి, డాక్టరు లెక్క చూసి డబ్బులిచ్చాడు.

ఆ అణాలతో హుసేన్ ఖాన్ ఏం కొనుక్కున్నాడో చరిత్రలో లేదు. అతని నెత్తురు మాత్రం చరిత్రలో నిలిచిపోయింది.

డాక్టరు పేరు రోనాల్డ్ రాస్. ఇండియన్ మెడికల్ సర్వీసులో సర్జన్ మేజర్. 1857 మే 13న, సిపాయిల తిరుగుబాటు మొదలైన మూడు రోజులకు, హిమాలయాల్లోని అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో అధికారి. కొడుక్కి కవిత్వం మీద, గణితం మీద ప్రాణం. తండ్రి బలవంతం మీద వైద్యం చదివి, 1881లో కొలువులో చేరాడు. చాలా ఏళ్లు మద్రాసు, బర్మా, అండమాన్ దండుల్లో పనిచేస్తూ నవలలూ పద్యాలూ రాసుకున్నాడు. మలేరియా గురించి అతనికి ఉన్న అభిప్రాయాలు అప్పటి డాక్టర్లందరికీ ఉన్నవే. మురికి నీళ్ల నుంచి, చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలే కారణమని లోకం నమ్మేది. మా జగిత్యాల ప్రాంతం అప్పట్లో నిజాం రాజ్యంలోని ఎలగందుల జిల్లాలో ఉండేది. గోదావరి ఒడ్డు ఊళ్లలో, అడవి అంచున ఉన్న మా బీర్పూర్ లాంటి పల్లెల్లో, వానలు పడి వరి నాట్లు ముగిసే వేళకు చలిజ్వరం ఇంటింటికీ వచ్చేది. నీళ్లు మారడం వల్లనో, గాలి సోకడం వల్లనో అనుకునేవాళ్లు. లండన్‌లో పెద్ద పెద్ద డాక్టర్లకు తెలిసింది కూడా అంతకు మించి ఎంతో లేదు.

తేడా ఒక్కటే. 1880 నవంబర్ 6న అల్జీరియాలోని కాన్‌స్టంటీన్ పట్టణంలో ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్ఫోన్స్ లావెరాన్ ఒక జ్వరపు సిపాయి నెత్తురును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. గుండ్రటి జీవి ఒకటి కనిపించింది. అందులో నల్లటి రేణువులు. చూస్తుండగానే దాని అంచు నుంచి సన్నటి పోగులు లేచి కొరడాల్లా ఊగాయి. చెడుగాలి కాదు, ప్రాణమున్న జీవే జ్వరానికి మూలమని అప్పుడు తేలింది. అయితే అది ఒకరి నెత్తుట్లో నుంచి ఇంకొకరి నెత్తుట్లోకి ఎట్లా చేరుతుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి ఇంకా పదిహేడేళ్లు పట్టింది. దొరికింది మన హైదరాబాద్‌లో.

1894లో సెలవు మీద లండన్ వెళ్లిన రాస్‌కు పాట్రిక్ మాన్సన్ పరిచయమయ్యాడు. మాన్సన్ పేరు మనవాళ్లకు పెద్దగా తెలియదు గానీ, అతను పట్టుకున్న సంగతి పాత కరీంనగర్ జిల్లా వాళ్లకు బాగా తెలుసు. బోదకాలు. 1877లో చైనాలోని అమోయ్ రేవులో ఉండగా, బోదకాలు తెచ్చే సన్నటి పురుగు మనిషి నెత్తుట్లో నుంచి దోమ కడుపులోకి పోయి అక్కడ పెరుగుతుందని అతను కనిపెట్టాడు. ఆ బోదకాలుకు ఏటా ఊరూరా పంచే డీఈసీ గోలీ వెనక ఒక తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపిస్తున్న కాలంలో వచ్చిన మందు అది. ఆయన పుట్టిన ఏడాదే రాస్ సికింద్రాబాద్‌కు తిరిగొచ్చాడు. మలేరియా జీవి కూడా దోమలోకే పోతుందేమో చూడమన్న మాన్సన్ మాట మనసులో పెట్టుకునే వచ్చాడు.

మాన్సన్ ఊహలో సగం నిజం, సగం పొరపాటు. దోమ నెత్తురు తాగి, నీళ్ల మీద గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకు జబ్బు వస్తుందనీ అతను నమ్మాడు. దోమ మళ్లీ మళ్లీ కుడుతుందని అతనికి తెలియదు. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి 1895లో రాస్, రోగులను కుట్టిన దోమలు చచ్చిపడిన నీళ్లను మనుషులకు తాగించాడు. డబ్బు తీసుకుని తాగడానికి ఒప్పుకున్నవాళ్లలో లచ్మన్ ఒకడు. కొన్నాళ్లకు లచ్మన్‌కు జ్వరం వచ్చింది. రాస్ సంబరపడ్డాడు. తర్వాత అవే నీళ్లు తాగిన మిగతా వాళ్లలో చాలామందికి ఏమీ కాలేదు. ఆ దారి మూసుకుపోయింది.

ఇక్కడ నాకు మనసు ఆగదు. ఆ రోజుల్లో దీన్ని తప్పనేవాళ్లు లేరు. ఒప్పంద పత్రం లేదు, నైతిక కమిటీ లేదు. తెల్లదొర డాక్టరు, నాలుగు డబ్బుల కోసం చెయ్యి చాచే బీద మనిషి. అణాల్లోనే ఇచ్చినా రాస్ కూలి ఇచ్చాడు, పేర్లు రాసిపెట్టాడు. అబ్దుల్ ఖాదిర్ అనే ఇంకో రోగి, లచ్మన్, హుసేన్ ఖాన్ మనకు తెలిసింది ఆ రాతల వల్లే. అయినా చావు వచ్చే అవకాశమున్న నీళ్లను డబ్బిచ్చి తాగించడం తాగించడమే. ఈ కథను చెప్పేటప్పుడు ఆ మాట మింగేయడం న్యాయం కాదు.

అబ్దుల్ ఖాదిర్ నెత్తురు తాగిన దోమల కడుపుల్లో నెలవంకలు గుండ్రంగా మారడాన్ని, పోగులు లేవడాన్ని రాస్ 1895లోనే చూశాడు. ఆ తర్వాత అవి ఏమైపోతున్నాయో అంతు చిక్కలేదు. చిక్కకపోవడానికి కారణం దోమ. అతను పట్టి పెంచుతున్నవి బూడిద రంగువి, చారల ఒంటివి. మలేరియాను మోయని జాతులు. వందల దోమలు కోశాడు. వాటి కడుపుల్లో మలేరియా జీవి బతకదని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అంతలో బెంగళూరులో కలరా ప్రబలింది, పై అధికారులు అటు పంపారు. ఏడాదిన్నర దాకా అందులోనే పోయింది. 1897లో ఊటీ దగ్గర సీగూర్ లోయకు వెళ్లి తానే మలేరియా తెచ్చుకున్నాడు. కోలుకుని జూన్‌లో సికింద్రాబాద్ చేరాడు. ఎండలు ముదిరి, వానలు రాక, దవాఖాన గది పొయ్యి మీద పెట్టినట్టుంది.

ఆగస్టు నడుమ దోమలు పట్టే పనివాళ్లలో ఒకతను ఒక సీసా తెచ్చాడు. అందులో లార్వాలు. తెల్లారేసరికి అవి పెద్ద గోధుమ దోమలై, మచ్చల రెక్కలతో సీసాలో ఎగురుతున్నాయి. వాలినప్పుడు తోక పైకెత్తి, తల కిందికి వంచి, గోడకు ఏటవాలుగా నిలబడతాయి. వాటి పేరు రాస్‌కు తెలియదు. దోమల శాస్త్రం మీద అతని దగ్గర సరైన పుస్తకం కూడా లేదు. మచ్చల రెక్కలవి అని మాత్రం రాసుకున్నాడు. మనం ఇవాళ అనాఫిలిస్ అంటున్నది వాటినే. హుసేన్ ఖాన్ తెరలోకి వదిలినవి అవే.

నాలుగు రోజులు గడిచాయి. కొన్ని దోమలు చచ్చిపోయాయి, కొన్నింటిని కోసి చూసినా ఏమీ కనిపించలేదు. ఆగస్టు 20, శుక్రవారం. మబ్బు పట్టి గాలి ఆడని రోజు. పొద్దున రోగులను చూసి, ఉత్తరాలు చూసుకుని, రాస్ బల్ల ముందు కూర్చున్నాడు. నుదుటి నుంచీ చేతుల నుంచీ కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. దానికి మిగిలిన ఒక్క కంటి కటకం కూడా పగిలి ఉంది. పంకా లాగించుకుందామంటే కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయి. చిన్న ఈగలు గుంపుగా వచ్చి కళ్ల మీద, చెవుల మీద వాలుతున్నాయి. వాటిని తోలడానికి చెయ్యి ఖాళీ లేదు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటుతోంది. చేతిలో ఉన్న దోమ బాగా కోతకు వచ్చింది. సూదులతో పొట్ట విప్పి, ఒక్కో భాగాన్నీ కటకం కిందికి జరుపుతూ పోయాడు. కండరాలు, గొట్టాలు, గుడ్ల సంచి. ఏమీ లేవు. మిగిలింది జీర్ణాశయం. కళ్లు మండుతున్నాయి, ఇంకో అరగంట పని ఉంది. ఇన్ని దోమల జీర్ణాశయాలు చూశాక దీన్ని వదిలేసి లేచిపోయినా ఎవరూ తప్పు పట్టరు. లేవలేదు. పొర మీద అడ్డంగా ఒక కొస నుంచి వెతుక్కుంటూ వచ్చాడు.

అప్పుడు ఒక గుండ్రటి గీత కనిపించింది. స్పష్టంగా, దాదాపు నిండు వృత్తం. అడ్డుకొలత పన్నెండు మైక్రాన్ల దాకా ఉంటుంది. దోమ జీర్ణాశయంలో మామూలుగా ఉండే కణాల గీత అంత స్పష్టంగా ఉండదు, అవి అంత చిన్నగానూ ఉండవు. ఇంకొంచెం జరిపాడు. అట్లాంటిదే ఇంకొకటి. మర తిప్పి నిదానంగా చూశాడు. ఒక్కో గుండ్రటి కణం లోపల నల్లటి సన్న రేణువులు.

ఆ నలుపు రాస్‌కు కొత్త కాదు. మలేరియా జీవి మన ఎర్ర కణంలో దూరి అందులోని హీమోగ్లోబిన్‌ను తింటుంది. తినగా అరగని ఇనుమున్న భాగం నల్ల రేణువులుగా మిగులుతుంది. లావెరాన్ అల్జీరియాలో చూసింది అదే. దోమ ఒంట్లో ఎక్కడా ఆ నలుపు పుట్టదు. కాబట్టి దోమ జీర్ణాశయపు గోడలో కూర్చున్న ఈ గుండ్రటి కణం హుసేన్ ఖాన్ నెత్తుట్లో నుంచి వచ్చిన జీవే.

మరునాడు ఆఖరుగా మిగిలిన దోమలలో ఇంకొకదాన్ని కోశాడు. అవే కణాలు, అదే నలుపు. కాకపోతే నిన్నటి కన్నా పెద్దవి. రోగి నెత్తురు తాగిన నాలుగో రోజుకు చిన్నవి, ఐదో రోజుకు పెద్దవి. అంటే చచ్చి పడి లేవు, పెరుగుతున్నాయి. రెండు దోమలు చాలు. ఆ ఏడాది డిసెంబర్ 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన రాస్ వ్యాసం శీర్షికలోనే ఆ రెండు దోమల ప్రస్తావన ఉంది.

ఆ తర్వాతి సంగతులు చాలామందికి తెలిసినవే. సెప్టెంబర్‌లో సర్కారు అతన్ని రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసింది. మలేరియా దొరకని చోటు. మాన్సన్ పట్టుబట్టి కలకత్తాకు పంపించాడు. అక్కడ ప్లేగు భయంతో జనం డాక్టర్లను దగ్గరికి రానివ్వకపోవడంతో, 1898లో మహమ్మద్ బక్స్ అనే సహాయకుడితో కలిసి పిచ్చుకల మలేరియా మీద పనిచేశాడు. జులైలో దోమ లాలాజల గ్రంథుల్లో ఆ జీవిని పట్టుకున్నాడు. కుట్టేటప్పుడు అది దోమ నోటి నుంచి దిగుతుందని, నీళ్లు తాగడంతో పనిలేదని తేల్చాడు. మనిషి మలేరియాకు అనాఫిలిస్ దోమే వాహకమని ఇటలీలో జొవన్నీ గ్రాసీ బృందం అదే ఏడాది స్థిరపరిచింది. ఘనత ఎవరిదన్న గొడవ చాలా ఏళ్లు సాగింది. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కు వచ్చింది.

బేగంపేట పాత విమానాశ్రయం పక్కన ఆ దవాఖాన భవనం ఇప్పటికీ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో, రాస్ పేరు మీద పరాన్నజీవుల అధ్యయన సంస్థగా ఉంది. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికీ ఆయన పేరే పెట్టారు. పాత హైదరాబాదీలు దాన్ని కోరంటి దవాఖాన అంటారు.

సాధారణంగా కథ ఇక్కడ ముగిస్తారు. నాకు అసలు కథ ఇక్కడే మొదలవుతుందని అనిపిస్తుంది. రాస్ చూసిన ఆ గుండ్రటి కణంలో ఏముంది? అతను దాని నలుపును గుర్తుపట్టాడు, పెరుగుదలను గుర్తుపట్టాడు. అది ఒక సంతానమని అతనికి అప్పటికి తెలియదు.

రాస్ బేగంపేటలో దోమలు కోస్తున్న ఆ వేసవిలోనే, అమెరికాలోని బాల్టిమోర్‌లో వైద్యం చదివిన విలియం మెకలం అనే యువకుడు కాకి నెత్తుటిని సూక్ష్మదర్శిని కింద చూస్తున్నాడు. అందులో మలేరియా జీవికి దగ్గరి చుట్టం ఒకటి ఉంది. లావెరాన్ చూసిన ఆ ఊగే పోగుల్లో ఒకటి విడిపోయి, పక్కనున్న గుండ్రటి కణం దగ్గరికి ఈదుకుంటూ వెళ్లి, అందులో దూరింది. పోగు మగ కణం. గుండ్రటిది ఆడ కణం. మలేరియా జీవుల్లోనూ ఆడా మగా ఉన్నాయి, కలయిక ఉంది.

మన ఒంట్లో ఉన్నంతసేపు ఈ జీవి తనను తాను కోసుకుంటూ పెరుగుతుంది. అప్పుడు దానికి ఒకే వరస క్రోమోజోములు, మొత్తం పద్నాలుగు. నెలవంక రూపం తీసుకున్న కొన్ని మాత్రం విడిగా ఉండి ఎదురుచూస్తాయి. దోమ వాటిని నెత్తురుతో పాటు లాక్కోగానే, ఒంటి వెచ్చదనం తగ్గిన ఆ నిమిషాల్లోనే అవి మేలుకుంటాయి. మగది ఎనిమిది పోగుల దాకా వదులుతుంది. కలయిక జరుగుతుంది. తల్లి పద్నాలుగు, తండ్రి పద్నాలుగు క్రోమోజోములు ఒక్కచోటికి వస్తాయి. కొన్ని గంటల్లోనే అవి ముక్కలు మార్చుకుని మళ్లీ విడిపోతాయి, రెండు పేకముక్కల కట్టలు కలిపి మళ్లీ పంచినట్టు. అట్లా పుట్టిన కొత్త జీవి పాకుకుంటూ జీర్ణాశయపు గోడను తొలుచుకుని, బయటి వైపు గుండ్రంగా కూర్చుంటుంది. 1897 ఆగస్టు 20న రాస్ కటకం కింద ఉన్నది అదే. పది పన్నెండు రోజులు ఆగితే అది పండి పగిలి, సన్నటి సూదుల్లాంటి వేల పిల్లలు దోమ ఒంట్లోకి చిమ్మి, లాలాజల గ్రంథులకు చేరతాయి.

మలేరియా జీవి తన వారసత్వాన్ని కలుపుకునేది లోకంలో ఒకే ఒక్క చోట. మనిషిలో కాదు, దోమలో. ఒకే మనిషి ఒంట్లో రెండు రకాల జీవులు ఉండి, రెండింటినీ దోమ ఒకే కుట్టులో తాగితే, ఆ రెంటి పిల్లలు పుట్టుకొస్తాయి. ఒకదానికి ఒక మందును తట్టుకునే గుణం, ఇంకొకదానికి ఇంకో మందును తట్టుకునే గుణం ఉందనుకోండి. పిల్లల్లో కొన్నింటికి రెండూ వస్తాయి.

ఈ మాటను ప్రయోగంతో రుజువు చేసింది ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలోని డేవిడ్ వాలికర్. 1971లో ఎలుక మలేరియాలో రెండు రకాలను దోమ కడుపులో కలిపి, రెంటి గుణాలు కలగలిసిన పిల్లలను చూపించాడు. మనిషి మలేరియాలో, అదీ ప్రాణాలు తీసే ఫాల్సిపేరమ్‌లో చేయడం అంతకన్నా కష్టం. దోమలో పుట్టిన పిల్లలు ముందుగా కాలేయంలో పెరగాలి. మనుషులకు ఎక్కించలేరు కాబట్టి చింపాంజీని వాడారు. ఒక రకం హాలెండ్ నుంచి వచ్చిన 3డీ7, ఇంకొకటి మధ్య అమెరికాలోని హోండురస్ నుంచి వచ్చిన హెచ్‌బీ3. 1987లో ఆ సంకరం ఫలితాలు సైన్స్ పత్రికలో వచ్చాయి. పిల్లలు తల్లిదండ్రుల గుణాలను అడ్డదిడ్డంగా పంచుకున్నాయి.

ఆ పద్ధతి చేతికి వచ్చాక చాలా తలుపులు తెరుచుకున్నాయి. క్లోరోక్విన్ చేదు గోలీ మింగని ఇల్లు మన వైపు ఒకప్పుడు ఉండేది కాదు. 1950లు, 60లలో దాని చేతిలో, డీడీటీ చేతిలో మలేరియా దాదాపు లొంగింది. స్వాతంత్ర్యం నాటికి ఏటా ఏడున్నర కోట్ల కేసులని అంచనా. 1965కి అవి లక్షకు వచ్చాయి. తర్వాత మళ్లీ ఎగబాకి 1976లో అరవై నాలుగు లక్షలు దాటాయి. 1973లో అస్సాంలోని కర్బీ ఆంగ్లాంగ్‌లో, క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపేరమ్ మన దేశంలో మొదటిసారి బయటపడింది. మందు అదే, మోతాదు అదే, జీవి చావడం లేదు. ఎందుకు?

అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో థామస్ వెలమ్స్ బృందం వాలికర్ దారిలోనే నడిచింది. మందుకు లొంగే రకాన్ని, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన లొంగని రకాన్ని కలిపి, పిల్లల్లో ఏవి లొంగాయి, ఏవి లొంగలేదు, లొంగనివాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్న ముక్క ఏది అని వెతుక్కుంటూ పోయింది. ముక్క ఏడో క్రోమోజోమ్ మీద తేలింది. అందులో జన్యువును పట్టుకోవడానికి 2000 దాకా పట్టింది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 76వ స్థానంలో లైసిన్ ఉండాల్సిన చోట థ్రియోనిన్ ఉంది. ఒక్క ముక్క మార్పు. దాంతో జీవి తన పొట్టలోకి వచ్చిన మందును బయటికి తోసేస్తోంది. ఆఫ్రికాలో, ఆసియాలో ఎన్ని లక్షల మంది పసిపిల్లలు ఆ ఒక్క మార్పుకు బలయ్యారో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

2002 అక్టోబర్‌లో 3డీ7 జన్యుపటం మొత్తం నేచర్ పత్రికలో అచ్చయింది. రెండు కోట్ల ముప్ఫై లక్షల అక్షరాలు, ఐదు వేల మూడు వందల దాకా జన్యువులు. చైనా శాస్త్రవేత్త తు యూయూ కనిపెట్టిన ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందును సైతం తట్టుకునే జీవులు కంబోడియాలో తలెత్తినప్పుడు, 2014లో ఆ గుర్తును పదమూడో క్రోమోజోమ్ మీద పట్టుకోగలిగారంటే ఆ పటమే ఆధారం.

దోమ కథ కూడా అంత తేలిక కాదు. మన పల్లెల్లో మలేరియాను మోసే ప్రధానమైన దోమ అనాఫిలిస్ క్యులిసిఫేసిస్. కాలువల్లో, వాగు మడుగుల్లో, వరి మళ్లలో పుడుతుంది. మా వైపు రోళ్లవాగు పారినంత మేరా దానికి నెలవే. అందరూ ఒకే దోమ అనుకున్నది నిజానికి ఐదు జాతులు. కంటికి అన్నీ ఒకటే. క్రోమోజోములు చదివితేనే తేడా. ఢిల్లీలోని మలేరియా పరిశోధన కేంద్రంలో ఏళ్ల తరబడి ఆ పని చేసినవాళ్లలో డాక్టర్ సరళ కె. సుబ్బారావు ముఖ్యురాలు. వాటిలో బీ అనే జాతి మలేరియాను పెద్దగా మోయదు. ఏ ఊళ్లో ఏ జాతి ఉందో తెలిస్తే మందు ఎక్కడ చల్లాలో తెలుస్తుంది. తప్పుడు దోమలు కోసి రాస్ కాలం పోగొట్టుకున్న సంగతి తెలిసినవాళ్లకు ఈ పని విలువ వేరే చెప్పక్కర్లేదు.

హైదరాబాద్‌లో ఆ పరంపర తెగిపోలేదు. గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కోట అరుణ్ కుమార్ ప్రయోగశాల ఎలుక మలేరియా జీవిలో ఒక్కో జన్యువును తీసేసి, అది లేకపోతే జీవి ఎక్కడ ఆగిపోతుందో చూస్తుంది. న్యూయార్క్‌లో విక్టర్ నుసెన్‌జ్వీగ్ బృందంలో ఉండగా 2006లో ఆయన మొదటి పేరుగా నేచర్‌లో వచ్చిన వ్యాసం, దోమ లాలాజలం నుంచి దిగే పిల్లల ఒంటిపై పొరలో ఉండే ప్రోటీనే మన రోగనిరోధక శక్తి ప్రధానంగా గురిపెట్టే లక్ష్యమని చూపింది. మలేరియాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసిన మొదటి టీకా ఆర్‌టీఎస్,ఎస్ ఆ ప్రోటీన్ ముక్కతోనే తయారైంది. ఆ టీకా తయారీని హైదరాబాద్ భారత్ బయోటెక్‌కు అప్పగించే ఒప్పందం అదే ఏడాది జనవరిలో కుదిరింది. ఇట్లాంటి ప్రయోగశాలల్లో ఒక జన్యువు తీసేశాక చేసే మొదటి పనుల్లో ఒకటి దోమ జీర్ణాశయాన్ని విప్పి, గోడ మీద గుండ్రటి కణాలు ఎన్ని కట్టాయో లెక్కపెట్టడం. పంకా బదులు ఏసీ ఉంటుంది. చూసేది మాత్రం రాస్ చూసినదాన్నే.

ఇంత శాస్త్రం మా బీర్పూర్ లాంటి మండలంలో ఒక గడపకు ఎట్లా వస్తుందో కూడా చెప్పాలి. వానాకాలం గుట్టల అంచున ఉన్న వాడలో ఎవరికైనా జ్వరం తగిలితే ఆశా కార్యకర్త సంచి తీసుకుని వస్తుంది. వేలు తుడిచి, సూదితో పొడిచి, ఒక నెత్తుటి చుక్కను పట్టీ మీద వేస్తుంది. పావుగంటలో గీతలు తేలుతాయి. ఆ పట్టీ పట్టుకునేది ఫాల్సిపేరమ్ విడుదల చేసే ఒక ప్రోటీన్‌ను. పెరూలోని అమెజాన్ అడవుల్లో ఆ ప్రోటీన్ జన్యువునే పోగొట్టుకున్న జీవులు ఉన్నాయని 2010లో తేలింది. వాటిని ఈ పట్టీ పట్టలేదు. అందుకే గాజుపలక మీద నెత్తురు పూసి సూక్ష్మదర్శినితో చూసే పాత పద్ధతిని మన దవాఖానల్లో వదిలిపెట్టలేదు.

గీత తేలిందంటే పెద్దవాళ్లకు తెల్ల ప్యాకెట్. మూడు రోజుల గోలీలు. ఆర్టెసునేట్‌తో ఇంకో మందు జత. ఒకే మందైతే జీవి త్వరగా నేర్చుకుంటుంది. రెంటినీ ఒకేసారి తట్టుకునే జీవి పుట్టడం కష్టం. రెండో రోజుకు జ్వరం దిగిపోతుంది. అసలు తగువు అప్పుడే.

“జెరం తగ్గింది గద బిడ్డా. ఇంక ఈ గోలీ ఎందుకు?”

“తగ్గింది గని అవ్వా, నీ నెత్తుట్ల ఇంకా కొన్ని ఉంటయి. గవ్వి నీకేం చెయ్యయి. దోమ నిన్ను కుట్టి తాగితే, దాని కడుపుల అవ్వి పిల్లలు వెడ్తయి. ఆ దోమ పొయ్యి నీ మనుమన్ని కుడ్తది.”

“గట్లనా?”

“ఆఁ. బువ్వ దిన్నంక ఏస్కో. మూత్రం నల్లగొస్తే నాకు ఫోన్ చెయ్యి, ఆగకు.”

ఆ గోలీ పేరు ప్రైమాక్విన్. ఫాల్సిపేరమ్‌కు రెండో రోజున ఒక్కసారే ఇస్తారు. గర్భిణులకు, పసికందులకు ఇవ్వరు. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లలో ఎర్ర కణాలు పగిలే ప్రమాదం ఉంది కాబట్టి మూత్రం రంగు చూసుకోమంటారు. అవ్వ జ్వరం తగ్గడంలో దాని పాత్ర లేదు. హుసేన్ ఖాన్ నెత్తుట్లో రాస్ వెతికిన నెలవంకలు ఉన్నాయే, వాటిని చంపడమే దాని పని. అవి చస్తే దోమ కడుపులో కలయిక లేదు, గుండ్రటి కణం కట్టదు, మందును తట్టుకునే గుణం ఇంకో ఇంటికి పోదు. అవ్వ నీళ్ల చెంబు అందుకుని, మొహం చిట్లించుకుంటూ గోలీ మింగింది. ఆశా కార్యకర్త తన పుస్తకంలో రాసుకుని పక్కింటికి నడిచింది. అక్కడా ఒకరికి జ్వరమని కబురొచ్చింది.